మూడు సగం వంతులు

1974వ సంవత్సరం మే నెల నాలుగవ తేదీ, శనివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. వాయవ్యపు గాలిలో వానా మంచూ కలగలిసి, ఎవరో బయట నిలబడి ఉమ్ముతున్నట్టుగా కిటికీ అద్దాల మీద పడుతున్నాయి. స్కార్‌వోగ్ రేవుకు ఎగువన ఉన్న హాల్వార్ ఇంటి వంటగదిలో, శీతకాలపు వేట లెక్కలు తేల్చుకోవడానికి ఆరుగురు చేరారు. ముగ్గురు మగవారు బల్ల చుట్టూ కుర్చీలలోనూ, ముగ్గురు ఆడవారు గోడవారగా ఉన్న బెంచీ మీదా కూర్చున్నారు. ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

బల్ల దగ్గరున్నవారిలో హాల్వార్ బోటు యజమాని. తూరాల్ఫ్ అతని తమ్ముడు. మూడవవాడు ఇంగ్వాల్, మితభాషి. బెంచీ మీద ఉన్నవారిలో నలభై ఆరేళ్ళ ఆస్లౌగ్ ఇంగ్వాల్ భార్య. డాగ్నీ తూరాల్ఫ్ భార్య. చివరన కూర్చున్న ఎడెల్‌కు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, రేవు పక్కన అద్దెగదిలో ఒంటరిగా ఉంటుంది. జనవరి నెల నడుమ నుంచి ఈ ముగ్గురూ ఒడ్డున ఉన్న ఎరల కొట్టంలో నిలబడి, ఆ బోటు సముద్రంలో విడిచిన ప్రతి గాలానికీ ఎర గుచ్చారు. గాలాల తాడును చుట్టలుగా పెట్టే తొట్టి ఒక్కొక్కదానికి నాలుగు వందల గాలాలు. గాలం గాలానికీ ఒక చేపముక్క. ఆ ముక్కల నీచు వాసన జుట్టులోకి, గోళ్ళ సందులలోకి, రొట్టె మీద రాసుకున్న వెన్నలోకి కూడా చేరేది.

ఆస్లౌగ్ ముక్కును గురించి రేవులో గొప్పగా చెప్పుకునేవారు. ఎండుచేపల గుట్ట పక్క నుంచి నడిచిపోతూ, అందులో ఏ మూల నాసిరకం దాగి ఉన్నదో ఆగకుండానే చెప్పగలిగేది. అటువంటి ముక్కు గల మనిషి పదిహేనేళ్ళుగా ఎరల కొట్టంలో నిలబడడం ఎంత శిక్షో ఎవరూ ఆలోచించలేదు. ఎండుచేపను మేలు, నడిమి, నాసి అని విడదీసే పరీక్షకుల చదువు ఒకటి పట్నంలో ఉన్నది. ఒక్క ఏడాది చదువు; బసతో కలిపి పదకొండు వేల ఆరు వందల క్రోనర్లు. ఆ చదువుకు ఆ ఊరి నుంచి ఏ ఆడదీ వెళ్ళలేదు. ఆస్లౌగ్ ఫిబ్రవరిలోనే దరఖాస్తు పంపింది. ఈ శనివారం చేతికి అందే డబ్బు మీదనే ఆమె ఆశ అంతా నిలిచి ఉన్నది.

లెక్కల రోజున మీగడ కేకు పెట్టడం అక్కడి ఆనవాయితీ. హాల్వార్ భార్య కేకును ఆరు సమభాగాలుగా, కొలిచినట్టు కోసి, పళ్ళేలలో పెట్టి వెళ్ళింది. పళ్ళెం ఒళ్ళోకి రాగానే ఆస్లౌగ్‌కు తెలిసిపోయింది: మీగడ నిన్నటిది, పులిసిపోతున్నది.

"తినవేం ఆస్లౌగ్? ఈ ఏడు కేకుకు తగ్గ వేటే పడింది," అన్నాడు హాల్వార్ మీసానికంటిన మీగడ తుడుచుకుంటూ.

"ముందు కాగితం చదువు."

హాల్వార్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. డీజిలు, ఎర, మంచుగడ్డల ఖర్చులు పోగా మిగిలినది లక్షా యాభై ఏడు వేల ఐదు వందలు. అందులో బోటు భాగం అరవై మూడు వేలు. మనుషుల భాగం తొంభై నాలుగు వేల ఐదు వందలు.

"ఇందులో ఎర కూలి, తొట్టికి పదిహేను చొప్పున ఐదు వందల అరవై తొట్లకు ఎనిమిది వేల నాలుగు వందలు. మిగతాది మా ముగ్గురికీ తలా ఇరవై ఎనిమిది వేల ఏడు వందలు. ఇదిగో కలం."

"ఆగాగు," అన్నది ఎడెల్. "కూలేమిటి? జనవరిలో కూలి అన్నావా నువ్వు?"

జనవరిలో హాల్వార్ కూలి అనలేదు. కొత్త ఇంజను వాయిదాలు నెత్తి మీద ఉన్నాయనీ, చేతిలో చిల్లిగవ్వ లేదనీ ఎరల కొట్టం గుమ్మంలో నిలబడి చెప్పుకున్నాడు. "పడితే పంచుకుందాం, పడకపోతే అందరం పస్తుందాం. మీకు తలా సగం వంతు," అన్నాడు. చేపల రక్తంతో తడిసిన ముగ్గురి చేతులనూ ఒకరి తరువాత ఒకరివి పట్టుకుని ఊపాడు. అంతటితో ఊరుకోక, కూలి మనుషులను పెట్టుకున్నట్టు చూపితే కట్టవలసిన పన్ను తప్పించుకోవడానికి, చేపలు కొనే కంపెనీ వారి వంతుదారుల జాబితాలో ఆ ముగ్గురి పేర్లూ రాయించాడు. ఆ ఏడు కాడ్ చేప పదేళ్ళలో ఎన్నడూ రానంత వచ్చింది. వల్లమాలిన అదృష్టం పట్టిన తరువాత, ఇచ్చిన మాట అతనికి బరువైంది.

"చెయ్యి కలిపావు హాల్వార్," అన్నది ఆస్లౌగ్.

"కలిపాను, కాదనను. అది ఇన్ని చేపలు పడతాయని తెలియనప్పటి మాట. సముద్రం మీద ప్రాణాలొడ్డింది ఎవరు? మీరు పొయ్యి పక్కన నిలబడ్డారు."

"ఆ పొయ్యి ఏనాడైనా వెలిగిందా, మహానుభావా?" అన్నది ఎడెల్. "నా వేలికి గాలం దిగి, చీము పట్టి మూడు వారాలు పడుకున్నాను. లేచి వచ్చాక కూడా నీ పొయ్యిలో తడికట్టెలే."

తూరాల్ఫ్ నవ్వాడు. "సగం వంతు ఎవరికిస్తారే? తొలిసారి బోటెక్కిన కుర్రాడికి. వాడికి వచ్చే ఏటికి మీసాలొస్తాయి, నిండు వంతు అడుగుతాడు. మీకేం మొలుస్తాయి?"

హాల్వార్ బల్ల మీద చరిచి నవ్వాడు. ఇంగ్వాల్ కూడా, ఆలస్యంగానే అయినా, నవ్వాడు. ఆ ఆలస్యపు నవ్వు ఆస్లౌగ్ చెవిన పడినప్పుడు, ఎర ముక్క మెత్తబడి వేళ్ళ మధ్య జారినప్పటి జుగుప్స ఆమె వీపు మీద పాకింది.

"మేం ముగ్గురం పొద్దున్నే చేతులెత్తి తీర్మానించుకున్నాం," అన్నాడు హాల్వార్. "అందరికీ సమ్మతమే."

"ఇంగ్వాల్, నువ్వూ ఎత్తావా?"

ఇంగ్వాల్ చక్కెర గిన్నెలోకి చూస్తున్నాడు. "అందరూ ఎత్తారు కదా..."

"అందరూ అంటే మీరు ముగ్గురేగా!"

డాగ్నీ నిట్టూర్చి కలం వైపు చెయ్యి చాచింది. ఆమె ఏ గొడవలోనైనా ముందుగా అలసిపోయే మనిషి. ఆస్లౌగ్ ఆ చేతి మీద తన చెయ్యి ఉంచి, "ఈ కాగితం మీద ఆరు పేర్లున్నాయి హాల్వార్. ఆరుగురూ సంతకాలు పెట్టందే కంపెనీ ఒక్క క్రోనరు వదలదు. ఆ పేర్లు రాయించింది నువ్వే," అన్నది.

హాల్వార్ ముఖం మొదట ఎర్రబడి, తరువాత పాలిపోయింది. తాను పన్ను ఎగ్గొట్టడానికి పన్నిన ఉపాయం తన కాలికే చుట్టుకున్నదని అతనికి అప్పుడు గాని తట్టలేదు. ఆస్లౌగ్ ముట్టని కేకును బల్ల మీద పెట్టి, "మీగడ పులిసింది," అని చెప్పి బయటికి నడిచింది.

మరునాడు భోజనాల వేళ ఇంగ్వాల్ ఉడికించిన బంగాళాదుంప పొట్టు తీస్తూ గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా కూడదీసుకున్న మాటలని ఆస్లౌగ్‌కు అర్థమైంది.

"నేను లెక్క వేశాను. నువ్వన్నట్టు పంచితే నాకు ఇరవై ఒక్క వేలు, నీకు పది వేల ఐదు వందలు. రెండూ కలిపితే ముప్పై ఒక్క వేల ఐదు వందలు. హాల్వార్ అన్నట్టు పంచితే నాకు ఇరవై ఎనిమిది వేల ఏడు వందలు, నీ తొట్ల కూలి మూడు వేల నూట ఎనభై. కలిపితే ఎంతో తెలుసా? మూడు వందల ఎనభై ఎక్కువ! ఇంట్లోకి వచ్చేది ఇల్లంతటిదీ కదా. దేనికే ఈ రభస?"

"మరి నా చదువుకు పదకొండు వేల ఆరు వందలు?"

"నేనివ్వనా? అడుగు, ఇస్తాను. ఎప్పుడైనా లేదన్నానా?"

అతడు నిజమే చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఇంగ్వాల్ ఆమెకు లేదన్నది లేదు. చలికోటు అడిగితే కొన్నాడు. పళ్ళు కట్టించుకోవాలంటే పట్నం తీసుకువెళ్ళాడు. క్రిస్మసుకు అడగకుండానే వెండి పిన్ను తెచ్చాడు. ఆ ఉదారత్వమంతా ఇప్పుడు ఆమెకు వెగటు పుట్టించింది. తన చేతి కష్టాన్ని తన భర్త తన జేబులో వేసుకుని, దానిని మళ్ళీ కానుకగా తనకే అందిస్తానంటున్నాడు. అందులో తప్పేమిటో అతనికి ఎంతకూ కనిపించదు. దొంగ అయితే తిట్టవచ్చును. మంచివాడిని ఏమి చేయగలం?

"నువ్వు ఇవ్వడంలో ఏ లోటూ లేదు ఇంగ్వాల్," అన్నది ఆమె. "ఎవరి వాటా ఎవరిదో చూసి పంచమనడానికి మాత్రం నీకు నోరు పెగలదు."

"అదేం మాటే? రెండిటికీ తేడా ఏముంది?"

ఆమె పళ్ళేలు తీసింది. భోజనం బల్ల తుడిచి, అతని లెక్క కాగితాన్ని తిరగేసి, తక్కిన ఇళ్ళ లెక్కలు కూడా వేసింది. తూరాల్ఫ్, డాగ్నీల ఇంటికి హాల్వార్ పద్ధతిలో నూట నలభై ఎక్కువ. హాల్వార్‌కు ఏడు వేల ఏడు వందలు ఎక్కువ. తమ ఇంటిదీ చేర్చి మూడూ కలిపితే ఎనిమిది వేల రెండు వందల ఇరవై. ఎడెల్‌కు రావలసినది పది వేల ఐదు వందలు. వారు ఇస్తామన్నది రెండు వేల రెండు వందల ఎనభై. తేడా, సరిగ్గా ఎనిమిది వేల రెండు వందల ఇరవై.

ఆస్లౌగ్ పెన్సిలు కింద పెట్టింది. ముగ్గురు మగవారు చేతులెత్తి చేసిన తీర్మానమంతా, అద్దెగదిలో ఒంటరిగా ఉండే ఆ పిల్ల జేబులోంచి తీసినదే. అందులోనూ సింహభాగం బోటు యజమానికి. తన భర్త అందుకు చెయ్యి ఎత్తినది మూడు వందల ఎనభై క్రోనర్ల కోసం. అది కూడా కాదు; పక్కవాడు ఎత్తాడు గనుక ఎత్తాడు. ఆమె లేచి చేతులు కడుక్కున్నది. సబ్బు పెట్టి రెండవసారి కడుక్కున్నది.

ఆ వారమంతా డబ్బు కంపెనీలోనే ఉండిపోయింది. కంపెనీ గుమస్తా, "ఆరు సంతకాలు తెచ్చుకోండి, అప్పుడు మాట్లాడదాం," అన్నమాట తప్ప మరొకటి పలకలేదు. రేవులో మాటలు మాత్రం ఆగలేదు.

"మగాడి డబ్బుకు అడ్డం పడే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు దుకాణంలో ఒకడు.

"మా అన్నల వంతులు కూడా ఆగిపోయాయమ్మా మీవల్ల," అని డాగ్నీతో ఆమె సొంత ఆడపడుచు అన్నది. "మీవల్ల కాదు, మా అన్నవల్ల, అనవేం?" అని ఎడెల్ అక్కడే అందుకున్నది.

పదకొండవ తేదీ మధ్యాహ్నం ఆస్లౌగ్ ఎరల కొట్టంలో తొట్లు కడుగుతుండగా హాల్వార్ ఒంటరిగా వచ్చాడు. ఎండ కాస్తున్నది, దానితో నేల సందులలో నాలుగు నెలలుగా ఇంకిన చేపనీరు కుళ్ళి ఆవిరెత్తుతున్నది. అతడు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె పదిహేనేళ్ళుగా ఆ వాసన పీలుస్తున్నదన్న స్పృహ ఆ చేతిరుమాలులో లేదు.

"నీతో మాటాడొచ్చని వచ్చాను ఆస్లౌగ్. వాళ్ళిద్దరితో లాభం లేదు. నువ్వు లెక్క తెలిసినదానివి."

"చెప్పు."

"నీ పది వేల ఐదు వందలూ నీకిస్తాను. కాగితం మీద కూలే ఉంటుంది, మిగతాది నా చేత్తో ఇస్తాను. నువ్వు సంతకం పెట్టు, డాగ్నీ చేత పెట్టించు. ఆ పిల్ల ఒక్కతే ఎన్నాళ్ళు బిగదీస్తుంది?"

ఆమె తొట్టిని బోర్లించింది. హాల్వార్ తలుపు వెనుక గోడ వైపు వేలు చూపాడు. అక్కడ ఆమె తన చేత్తో సున్నపుముక్కతో గీసిన గీతలు ఉన్నాయి. రోజు రోజుకూ, మనిషి మనిషికీ వేరువేరుగా.

"అవి నువ్వు గీసినవే కదా! నీవి రెండు వందల పన్నెండు. డాగ్నీవి నూట తొంభై ఆరు. ఎడెల్‌వి నూట యాభై రెండు. అరవై తొట్లు తక్కువ చేసినదానికి నీతో సమానంగానా? ఇది న్యాయమా, నువ్వే చెప్పు. మగాళ్ళం మేమే అన్యాయం చేస్తున్నామా?"

అతడు వెళ్ళిన తరువాత ఆస్లౌగ్ గోడ ముందు నిలబడింది. హాల్వార్ చెప్పిన మాట ఆమెకు కొత్తది కాదు. మార్చి నెలలోనే, ఎడెల్ చీము పట్టిన వేలితో మంచం మీద మూలుగుతున్న రోజులలో, ఆ పిల్ల తొట్లకు కూడా ఎరలు గుచ్చుతూ, ఆమె మనసులో ఈ లెక్క వేసుకున్నది. ఇప్పుడు అంకెలు తేలాయి: ముగ్గురి డబ్బునూ తొట్ల చొప్పున పంచితే తనకు పదకొండు వేల తొమ్మిది వందల ఇరవై అయిదు వస్తుంది. చదువుకు చాలుతుంది, పైన ప్రయాణపు ఖర్చూ మిగులుతుంది. సమానంగా పంచితే చదువుకు పదకొండు వందలు తక్కువ. ఆ గీతలు ఎందుకు గీసిందో హాల్వార్‌కు తెలియకపోవచ్చును. ఆమెకు తెలుసు. ఎడెల్ వేలు తన గాలానికి కాక హాల్వార్ గాలానికే తెగిందని, ఆ పని చేస్తూనే తెగిందని కూడా తెలుసు.

కొట్టంలోని కుళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నదో ఆ ముక్కు ఇన్నాళ్ళకు కనిపెట్టింది. ఎదటివారి ఇళ్ళలో పసిగట్టిన వాసనే తన ఒంటి మీద కూడా ఉన్నదన్న ఎరుకతో ఆమెకు తనమీద తనకే ఏవగింపు కలిగింది. తడి గోనెసంచి తీసుకుని తలుపు వెనుక గోడను పై నుంచి కిందికి తుడిచింది. ఒక్క గీత కూడా మిగలనివ్వలేదు. సున్నపు నీళ్ళు మోచేతి దాకా కారాయి.

ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిచి హాల్వార్ వచ్చిన సంగతి చెప్పింది. డబ్బు ఆశ చూపిన సంగతీ దాచలేదు. తనకు ఆశ పుట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

"నాకూ చెప్పాడు," అన్నది డాగ్నీ తలవంచుకుని. "బుధవారమే. నాకు తొమ్మిది వేలే అన్నాడు."

ఎడెల్ పెద్దగా నవ్వింది. "నాకసలు ఏమీ చెప్పలేదు! అంటే నేనే కదా కేకు." ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు. "డాగ్నీ, నువ్వు పెట్టేస్తావేమో అనుకున్నాను."

"పెట్టేదాన్నే. నాకంటే ఆస్లౌగ్‌కు ఎక్కువ ఇస్తానన్నాడని అనుమానం వచ్చి ఆగాను," అన్నది డాగ్నీ.

డాగ్నీయే మళ్ళీ మెల్లగా అడిగింది: "పిల్లా, కోపం తెచ్చుకోకు. నీ తొట్లు మేం చాలా చేశాం కదా. డబ్బు వచ్చాక మాకేమైనా... ఎన్ని చేశామో ఆస్లౌగ్ గీతలు పెట్టింది."

ఎడెల్ ముఖం కందిపోయింది. ఆస్లౌగ్ వైపు చూసింది.

"గీతలు లేవు," అన్నది ఆస్లౌగ్. "తుడిచేశాను."

మే పదిహేడున, జాతీయ దినోత్సవానికి, జెండాల ఊరేగింపు జరిగింది. తూరాల్ఫ్, ఇంగ్వాల్ తమ భార్యలకు పది గజాల ముందు నడిచారు. ఊరంతా చూసి, చూడనట్టు పాటలు పాడింది. ఇంటికి వచ్చాక ఇంగ్వాల్, "నా పరువు తీశావు," అన్నాడు. "నీకెంత పోయింది?" అని అడిగింది ఆస్లౌగ్. "మూడు వందల ఎనభై," అని అలవాటు చొప్పున సమాధానం వచ్చేసింది. చెప్పిన తరువాత అతడు సిగ్గుపడతాడేమోనని ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. అతడు పత్రిక తెరిచాడు.

ఇంజను వాయిదా ఇరవై రెండవ తేదీకి కట్టవలసి ఉన్నది. ఇరవై ఒకటవ తేదీ మంగళవారం ఉదయం పదిన్నరకు హాల్వార్ కొత్త కాగితం పట్టుకుని కంపెనీ గుమస్తా గదికి వచ్చాడు. నిండు వంతు ఇరవై ఒక్క వేలు, సగం వంతు పది వేల ఐదు వందలు. మిగతా ఐదుగురూ అప్పటికే అక్కడ ఉన్నారు. తూరాల్ఫ్ కలం అందిస్తూ, "తీసుకోండి, కడుపు నిండిందా?" అన్నాడు.

"సగం," అన్నది ఎడెల్.

ఆస్లౌగ్ తన పేరును నిదానంగా, ఒక్కొక్క అక్షరమూ విడిగా కనిపించేటట్టు రాసింది. చెక్కును మడిచి సంచిలో వేసుకున్నప్పుడు ఆమెకు గెలిచిన సంతోషం కలగలేదు. ఇంజను వాయిదా ముంచుకు రాకపోయి ఉంటే ఆ కలం ఇంకా హాల్వార్ జేబులోనే ఉండేది. ఇచ్చిన మాట గుర్తుకు వచ్చి ఇచ్చినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. బయటికి వచ్చి రేవు గట్టు మీద చాలాసేపు నిలబడి, సముద్రపు గాలిని ఊపిరితిత్తుల నిండా పీల్చుకున్నది.

తక్కువైన పదకొండు వందలనూ ఇంగ్వాల్ ఇస్తానన్నాడు. ఆమె తీసుకోలేదు. ఆ జూన్, జూలై నెలలలో పొరుగు రేవులోని ఒక బోటుకు తొట్టికి పదిహేను చొప్పున డెబ్బై నాలుగు తొట్లకు ఎర గుచ్చి సంపాదించుకున్నది.

హాల్వార్ మరుసటి జనవరిలో వంతుల మాట ఎత్తలేదు. వేరే ఊరి ఆడవారిని కూలికి కుదుర్చుకుని, పన్ను కట్టాడు. 1978లో ఎర గుచ్చే యంత్రం కొన్నాడు. 1991లో చనిపోయాడు. తూరాల్ఫ్ బోటు వదలి రోడ్ల పనిలో చేరాడు. డాగ్నీ తన పేర బ్యాంకు ఖాతా తెరిచి, పది వేల ఐదు వందలూ అందులో వేసి, ఏళ్ళ తరబడి తీయలేదు. ఎడెల్ ఆ జూన్‌లోనే తీరపు ఓడ ఎక్కి ట్రోమ్సో పట్నానికి వెళ్ళి ఒక ఆసుపత్రి వంటశాలలో పనికి కుదిరింది. ఒక క్రిస్మసుకు ఆస్లౌగ్‌కు కార్డు పంపింది. అందులో శుభాకాంక్షలు తప్ప మరేమీ రాయలేదు. ఆమె కుడిచేతి చూపుడువేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు.

ఆస్లౌగ్ 1975 వేసవిలో చదువు ముగించి, ఆ మరుసటి ఏడు ఎండుచేపల పరీక్షకురాలిగా నియమితురాలై, పదిహేడేళ్ళు ఆ పని చేసింది. ఇంగ్వాల్‌తో అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, 1999లో అతడు పోయేవరకు కాపురం చేసింది. ఇద్దరి డబ్బూ వేరువేరు డబ్బాలలో ఉండేది. ఆమె 2006 మార్చిలో మరణించింది.